తలుపు మూసినవాడు

ఆర్డరు కాగితం జిర్యెస్ చదివాడు:
గొర్రెలు నూట ఇరవై, ఒంటెలు అరవై,
మరియలు నలభై, యోసేపులు నలభై.
అడుగున చేత్తో రాసిన ఇంకో వరుస:
సత్రం యజమాని, నలభై.
తలుపు మూస్తున్నట్టు. ముఖంలో చిరాకు కనిపించాలి.

బేత్ సాహూర్‌లో డిసెంబరు వాన.
ఒలీవ పొట్టు నా కనుబొమలదాకా ఎక్కింది.
ముప్పై ఏళ్లుగా గరుకు కాగితంతో
దేవుడి వీపు నునుపు చేస్తున్నదాన్ని.
వేలిముద్రలు అరిగిపోయాయి,
చెక్‌పోస్టు యంత్రం నన్ను గుర్తుపట్టదు.
మళ్లీ పెట్టు, అంటుంది గాజు వెనక పిల్ల.
మళ్లీ పెడతాను.
తలుపు మూసే ముఖం ఎలా ఉంటుందో
నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అయినా అన్నాను: జిర్యెస్, ఆ మనిషి లేడు.
ఎక్కడ లేడు?
ఆ రాత్రిలో లేడు.
నవ్వాడు. నిజ్మే అత్తా, నలభై బొమ్మలు. కరెంటు బిల్లు.

నేను పుట్టిన ఇల్లు సగం గుహ, సగం గోడ.
అరుగు మీద మేము. నాలుగు మెట్ల కింద
గాడిద, రెండు మేకలు, వాటి ఊపిరి వెచ్చదనం.
అరుగు అంచున రాతిలో తొలిచిన తొట్టి.
ఈ రాళ్ల ఊళ్లో చెక్కతో తొట్టి చేసేదెవరు?
మిద్దె మీద ఒక గది, వచ్చేపోయేవాళ్లకి.
మా అమ్మకి నొప్పులొచ్చిన రాత్రి ఆ గదిలో
కరక్ చుట్టాలు పదకొండుమంది,
ఒకరి కాళ్ల దగ్గర ఒకరి తల.
పైన చోటు లేదు, అన్నదట నాయనమ్మ.
తలుపు దగ్గర నిలబడి కాదు,
మోచేతులదాకా కడుక్కుంటూ.
గడ్డి పక్కకి నెట్టింది.
మేక మూతి మీద ఒకటి వేసింది.
ఉప్పూ ఒలీవ నూనే కలిపి నన్ను రుద్ది
పొత్తిగుడ్డల్లో బిగించి
తొట్టిలో పడుకోబెట్టింది.
మగవాళ్లు మేకల మధ్య ముఖాలు తిప్పుకుని కూచున్నారు.
ఎవరో దగ్గారు. ఎవరో ఏడ్చారు.
ఒకడైతే నిద్రే పోయాడట.

ఆయనా అలాగే వచ్చుంటాడు.
కైసరు లెక్కలకని ఊరంతా చుట్టాలు.
యోసేపు ఈ ఊరి బిడ్డ.
నిండు చూలాలిని వాకిట్లో నిలబెట్టి
ఆ మర్నాడు బావి దగ్గర తలెత్తుకు తిరిగిన ఇల్లు
మా వీధిలో ఒక్కటి చూపించు!

దేవుడు ఒంటరిగా పుట్టాడని
చలిదేశాలవాళ్లు అనుకుంటే అనుకోనీ.
నా నమ్మకం ఇంత:
ఇరుకింట్లోకి వచ్చాడు.
ఇంకొకరు పడతారా అని ఎవరూ కొలవని ఇంట్లోకి,
ఉల్లిపాయల వాసనలోకి,
పక్కవాడి గురకలోకి.
ఖాళీ చేసి పిలుద్దామని ఈ గుండెని
ఎన్ని క్రిస్మస్‌లు ఊడ్చానో.
ఖాళీ అయ్యే కొంప కాదిది.
పోయిన మొగుడి మీద కోపం ఒక మూల,
గోడ అవతల ఉండిపోయిన మా ఒలీవ చెట్లు ఒక మూల,
అద్దె బాకీ నట్టింట్లో.
గడ్డి కాస్త పక్కకి నెట్టాను.
నా చేతనయింది అదే.
ఆ జానెడు చోటులో కాళ్లు ముడుచుకున్నాడు.

జిర్యెస్ చెక్కడం ముగించాడు,
నలభై మొరటు ఆకారాలు, తలుపులతో సహా.
నునుపు పెట్టే వంతు నాది.
మొదటి తలుపు అంచు అరగదీశాను.
అరగదీస్తూ పోతే అది
రెండు చేతుల్లో ఎండుగడ్డి అయింది.
నొసటి చిరాకు చెరిపితే
కింద చెమట పట్టిన ముసలిదాని ముఖం.
నలభయ్యోది అయ్యేసరికి కోడి కూసింది.

పాత పేపర్లు చుట్టి పెట్టెలో సర్దాం.
ఒకదాన్ని తిప్పితిప్పి చూశాడు జిర్యెస్.
ఏమీ అనలేదు. చీటీ మీద మాత్రం
సత్రం యజమాని, నలభై, అనే రాశాడు.

అక్కడెక్కడో మంచు కురిసే ఊళ్లో
ఒక చిన్నపిల్ల కాగితం విప్పి
ఈవిడెవరు? అంటుంది.
వాళ్లమ్మకి తెలియదు.
ఎక్కడ పెట్టాలో తోచక
తొట్టి పక్కన పెడుతుంది.