జహ్రా లాయం

పందొమ్మిదేండ్లు వాడికి. సఫూక్.
మీసం ఇంకా సరిగ్గా రాలేదు గానీ
దువ్వెన మాత్రం జేబులోనే ఉండేది.
గుర్రం జూలుకూ వాడి క్రాపుకూ అదే దువ్వెన.

మా నాయన రాజంపేట టేసను కాడ జట్కా తోలినాడు.
ఆ ఒక్క చదువే నన్ను జహ్రా దాకా తెచ్చింది.
లాయంలో ఇరవై రెండు గుర్రాలు.
లద్దె ఎత్తేవాణ్ని నేను,
ఎక్కి కూర్చునేవాడు వాడు.
జెండా పండగనాడు ఈటె పట్టుకుని వరసలో పోయి
మర్నాడు అడిగేవాడు, టీవీలో కనపడినానా అని.
నాకు టీవీ యాడిది?
కనపడినావులే అన్నాను.

వాళ్ల నాయనా సిపాయే, తాతా సిపాయే.
అయినా ఆ రేకులింట్లో పదకొండు మందికీ
ఆ దేశం కాగితం లేదు.
నీదే దేశమని అడిగే గడిలో
గుమాస్తా ఒక గీత గీసేవాడంట.
నా పాస్‌పోర్టేమో కఫీలు బీరువాలో.
"మనిద్దరం ఒకటే ఓబులేసూ" అని నవ్వేవాడు,
"రీమ్‌ది వేరే జాతకం" అనేవాడు.
నిజమే. ఆ ఆడగుర్రం తల్లి పేరు, తండ్రి పేరు, ముత్తాత పేరు
ఆఫీసు గోడ మీద అద్దం కట్టి ఉండేది.

"దా దా" అని పిలవడం నా దగ్గరే నేర్చుకున్నాడు.
అరబ్బీ కన్నా రీమ్‌కు తెలుగే బాగా వచ్చునని నా గొప్ప.
పన్నుపోటుతో నా మొగం గుమ్మడికాయైనప్పుడు
పీకించుకోమని పది దినార్లు చేతిలో పెట్టినాడు.
జీతం రానీ, ఇస్తానన్నా.

ఆగస్టు రెండు. బేస్తవారం.
తెల్లవారకముందే ఉత్తరం రోడ్డు అదిరింది.
మనుషుల కన్నా ముందు
ఇరవై రెండు తలలు ఒక్కసారి లేచినాయి.
ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో వచ్చినాడు.
జీను తీసినా.
వద్దన్నాడు. యుద్ధానికి గుర్రాలక్కర్లేదంట.
రీమ్ మూతి మీద చెయ్యి పెట్టి
"నీళ్లు మర్చిపోవద్దు" అన్నాడు,
నాతోనో, దాంతోనో.
లారీ ఎక్కినాడు.
తుపాకి ఇచ్చినారు. గుండ్లు తర్వాతన్నారు.

ముత్లా దిబ్బ దాకా కూడా పోలేదంటారు.
తొమ్మిది కొట్టకముందే అయిపోయిందంటారు.
చూసినవాడు ఒక్కడూ నాకు తగల్లేదు.
గుర్రపు సిపాయి, గుర్రం లేకుండా,
చాయ్ తాగే వేళకు ముందే.

మూడు వారాలు నీళ్లు పెట్టినా.
వచ్చినోళ్లు గుర్రాల్ని లారీల్లోకి తోలుకున్నారు.
రీమ్ పలక మీద కాలు పెట్టలేదు.
కర్రతో కొట్టినారు. మళ్లీ కొట్టినారు.
చూడలేక నేనే అన్నా, "దా దా" అని.
ఎక్కింది.

ఇసకలో పద్దెనిమిది రోజులు పడి, అమ్మాన్ మీదుగా ఇల్లు చేరినా.
చాన్నాళ్లకు కలెక్టరాఫీసులో ఫారం ఇచ్చినారు,
ఏమేం పోగొట్టుకున్నావో రాయమని.
రేడియో. పరుపు. నాలుగు నెలల జీతం. బూట్లు ఒక జత.
నేను ఇయ్యాల్సిన పది దినార్లకు గడి యాడుందని అడిగితే
గుమాస్తా కళ్లద్దాల పైనుంచి చూసి
అక్కడ
ఒక గీత గీసినాడు.