అంచు

బస్సు దిగేసరికి
పొగమంచు ముందే వచ్చి బెంచీ మీద కూర్చునుంది.
సాన్ హసింతో. సముద్రం మీంచి తొమ్మిదివేల అడుగులు.
వెండి అయిపోయాక ఊళ్లో మిగిలినవి
చలీ, ఏటవాలు వీధులూ.
ఇప్పుడు ఆ రెండిటికే గది అద్దె.

జీతాలు పంచిన కంపెనీ ఆఫీసే హోటలు.
గనివాళ్లు వరసకట్టి వేలిముద్ర వేసిన కిటికీ దగ్గరే
నేనూ సంతకం పెట్టి తాళంచెవి తీసుకున్నాను.
ఖనిజం కడిగిన తొట్లలో
వేడినీళ్లు, గులాబీ రేకులు,
గంటకి నాలుగొందల పెసోలు.
తువ్వాలు మీద కుట్టుపని: అడ్డంగా రెండు సుత్తులు.
బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది.
వేళ్లు ముడతలు పడేదాకా నానాను.

మర్నాడు గని చూపించడానికి ఎవరిస్తో వచ్చాడు.
పసుపు హెల్మెట్టు నా గడ్డం కింద బిగిస్తూ
"ఊపిరి ఆడుతోందా?" అన్నాడు,
ఆ మాట అడిగే హక్కు తనొక్కడికే ఉన్నట్టు.
పందొమ్మిదేళ్లు కింద పనిచేశాడు.
మూసేశాక పదకొండేళ్లుగా
కింద పనిచేసేవాడిలా నటిస్తున్నాడు.
"ఇందులోనే జీతం నయం.
దగ్గు మాత్రం అప్పటిదే. అది నటన కాదు."

కొండ కడుపులో ఒకచోట ఆగి దీపం ఆర్పాడు.
నిమిషం చీకటి. టిక్కెట్లో కలిపే ఉంది.
మొదట పిల్లలు నవ్వారు.
తర్వాత ఎవరి గడియారమో వినబడింది.
ఆ తర్వాత
నా చెయ్యి నాకు కనబడటం లేదన్న సంగతి
నా చేతికి తెలిసింది.
ఎక్కడో ఒక నీటిబొట్టు
లెక్క తప్పకుండా రాతిని కొడుతోంది,
గని మూసేశారని ఎవరూ చెప్పనివాడిలా.

పైకొస్తే ఒకటే ఆకలి.
గని నోటికి ఎదురుగా దోన్యా రెఫూహియో పొయ్యి.
పాస్తె అంటారు ఇక్కడ:
మాంసం, బంగాళదుంప, పచ్చిమిరప,
కజ్జికాయలా మడిచి అంచు అల్లిన పిండి.
సముద్రం అవతల్నించి గనిపనికి వచ్చినవాళ్లు తెచ్చిన తిండి.
మిరపకాయ మాత్రం ఈ కొండది.

నాలుక కాలుతున్నా మొత్తం తినేశాను.
ఆవిడ నా చేతులకేసే చూస్తోంది.
"అంచు కూడా తిన్నావా?"
తప్పా, అన్నాను.
"తప్పేముంది. వచ్చినవాళ్లంతా తింటారు.
మా నాన్నకి అది తిండి కాదు, పిడి.
విషపు మట్టి అంటిన వేళ్లతో పట్టుకునే చోటు.
తినడం అయ్యాక చీకట్లోకి విసిరేసేవాడు,
కిందే ఉండిపోయినవాళ్లకి అని.
ఎలుకలు తినేవిలే."

ఇంకొకటి కొన్నాను.
ఈసారి అంచు దాకా తిని ఆపాను.
కాగితంలో చుట్టి గని దగ్గరికి వెళ్తే
గేటుకి తాళం.
"లోపలికి తినుబండారాలు తేకూడదు,"
కాపలా కుర్రాడు మర్యాదగానే చెప్పాడు.

సాయంత్రం బస్సు.
కొండ ఒక్కో మలుపుకీ ఒక్కో దీపం ఆర్పుకుంటోంది.
ఐదో మలుపు దగ్గరో, ఆరోదాని దగ్గరో
మళ్లీ ఆకలేసింది.
జేబులో చల్లారిన అంచు.
తినేశాను.
తర్వాత కిటికీ వెలుగులో
వేళ్లు చాపి చూసుకున్నాను.
శుభ్రంగానే ఉన్నాయి.