షీటు వెనక్కి తిప్పండి

అల్లిపురంలో పదకొండేళ్లు
కౌంటరు వెనకాల నిలబడ్డాను.
నాలుగేళ్లు చదివిన ఫార్మసీని
ఒక కత్తెరలో ఇరికించి
షీట్లు అడ్డంగా కోసేదాన్ని.
"చిల్లర లేదా అమ్మా?"
ఆ రోజుల్లో రోగులతో నేనాడిన
అతి పొడుగాటి మాట.

కేజీహెచ్ చీటీలు తెచ్చేవారు.
ఆ గొలుసు రాత చదివేస్తే
"గట్టిదానివే పిల్లా" అని మెచ్చుకుని
మందెందుకో అడక్కుండానే
బస్సందుకోడానికి పరుగెత్తేవారు.
నేనూ చెప్పేదాన్ని కాదు.
వెనకాల ఇంకో ఆరుగురు ఉండేవారు.

ఇప్పుడు అదే షాపు పైన
అట్టపెట్టెలు ఖాళీ చేసిన గదిలో
ఒక తెర, ఒక హెడ్‌ఫోను,
వేడి గాలినే తిప్పి తిప్పి కొట్టే ఫ్యాను.
కిటికీలోంచి సముద్రం కనపడదు గానీ
తెరలోంచి కనపడుతుంది అప్పుడప్పుడు,
ఎవరి భుజం వెనకో, ఏటవాలుగా,
ఫోను పట్టిన చెయ్యి ఎటు వాలితే అటు.

నిన్న మంగమారిపేట నుంచి
చోడిపల్లి యల్లాజీ.
తెర నిండా ఒక చెవి.
"మావా, మొకం ముందెట్టు" అంటోంది
పక్కనుంచి కోడలు నూకరత్నం.
చెవి పోయి గడ్డం వచ్చింది,
గడ్డం పోయి నుదురు.

"ఏటోనమ్మా, తెల్లారగట్ల
తెప్ప తోస్తంటే ఒకటే సెమట్లు.
సేతులొణుకు. కళ్లకాడ మిణుగురులు.
గంగమ్మకి ఏటో తక్కువ సేసినామని
ఇంట్లో అంటన్నారు."

మందులు చూపించమన్నాను.
బిస్కెట్ల డబ్బా వల మీద బోర్లించింది నూకరత్నం.
ఎర్ర షీటు గవర్నమెంటాసుపత్రిది.
వెండి షీటు భీమిలి ప్రైవేటు డాక్టరుది.
పేర్లకీ పేర్లకీ చుట్టరికం లేదు.
"షీటు వెనక్కి తిప్పండి.
కాస్త దగ్గరగా. అంత దగ్గరగా కాదు."
చీమ తలకాయంత అక్షరాలు
మసకలోంచి తేలి, మునిగి, మళ్లీ తేలాయి.
వెండి షీటు మీద సగం పేరే ఉంది,
మిగతా సగం ఎవరి కత్తెరకో పోయింది.
ఊహించి చెప్పే పని కాదిది.
చూరులో దాచిన రెండో ముక్క తెచ్చిందాకా
ఆగాను.

పేర్లు రెండు. మందు ఒక్కటే.
ఒకే నెత్తుట్లోని చక్కెరని
అటొకరూ ఇటొకరూ లాగుతున్న జోడు వలలు.

నేను డాక్టర్ని కాను.
ఆ గీత ఎక్కడుందో నాకు తెలుసు.
గీతకి ఇవతలే నిలబడి,
యల్లాజీని లైన్లో ఉంచి,
భీమిలికి కలిపాను.
మూడోసారికి ఎత్తారు.
నాలుగు ముక్కలు విని
కాసేపు ఏమీ అనలేదు డాక్టరు గారు.
"వెండిది ఆపించండమ్మా. రేపు రమ్మనండి."
ఆ 'అమ్మా'లో ఏదో మెత్తబడింది,
లేదా నాకలా వినపడింది.

చెమట పడితే ముందు పంచదార నోట్లో వేసుకోమంటే
"సుగరోడికి పంచదారేటమ్మా!" అని నవ్వాడు.
మూడు పళ్లు. మూడూ చూశాను.
"మరి గంగమ్మో?" అన్నాడు కాసేపాగి.
"ఆవిడకేం కోపం లేదు తాతా."

అన్నీ ఇలా ఒడ్డెక్కవు.
మొన్న పాడేరు అవతల
సిగ్నలు కోసం బండరాయెక్కిన ఆశా కార్యకర్త
పసిదానికి సిరప్పు ఎంత పొయ్యాలని అడిగింది.
"బరువెంత?" అన్నాను.
పెదాలు కదిలాయి. బొమ్మ ఆగిపోయింది,
నోరు సగం తెరిచి.
ఆ అంకె రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చింది,
ఒంటరిగా, మెసేజీలో: ఆరున్నర.
కంచం పక్కకి జరిపి లెక్క వేసి పంపాను.
ఒక్క టిక్కు.
పడుకోబోతూ చూశాను.
ఒక్క టిక్కే.

ఇందాక టీ కోసం కిందికి దిగితే
కొత్తగా చేరిన కుర్రాడు అప్పలసూరి
షీటుని అడ్డంగా కోస్తున్నాడు,
నాలాగే, చూడకుండానే.
పేరున్న ముక్క డ్రాయర్లో పడింది,
పేరు లేనిది ఎవరి చేతిలోనో.
చెయ్యి పట్టుకుని ఆపాను.
వెనకాల ఆరుగురున్నారు.
ఉండనీ.
పదకొండేళ్లలో నా కత్తెర
ఎన్ని పేర్లు మింగిందో
ఏ తెర చూపిస్తుంది నాకు?