కోట్ల గది

అంతకుముందు అది ఐసు గోదాము.
హడ్సన్ నది గాలికి పెచ్చులూడిన గోడ మీద
గూడబాతు బొమ్మ, దాని కింద
‘పెలికన్ ఐస్ కంపెనీ’.
దింపడానికి నాలుగు వందల డాలర్లు అడిగారట.
ఎందుకు దండగని
క్లబ్బుకే ఆ పక్షి పేరు పెట్టేశాడు లయొనెల్ ఫ్రాష్.

డెబ్భై ఏడు, జనవరి.
బయట మంచు. తాడుకి అవతల
ఇసకేస్తే రాలని జనం.
లోపల మెట్ల కింద
చిన్న కిటికీ వెనక ఇరైదా.
ముఖాలు చూడదు, భుజాలు చూస్తుంది.
కోటు పుచ్చుకుంటుంది, ఇత్తడి బిళ్ళ ఇస్తుంది.
మింక్ పక్కన గొంగళిలాంటి ఉన్ని,
దాన్నానుకుని ఎవరో బస్సు డ్రైవరు ఖాకీ.
పైన ఎవరు ఎవరితో ఆడారో ఆమెకేం తెలుసు?
కొక్కేల మీద మాత్రం అందరూ
తెల్లవార్లూ ఒకరి మీద ఒకరు వాలి ఉండేవాళ్ళు.

డ్రమ్ము దెబ్బకి కప్పు నుంచి సున్నం రాలేది.
ఇంటికెళితే
నిద్రమొహంతో కూతురు అమ్మ తల నిమిరి
“అక్కడ లోపల కూడా కురుస్తుందా?” అనేది.

తెలుగులో రాస్తున్నాను కాబట్టి
ఈ గదికి రెండర్థాలొస్తాయి.
రెండూ నిజమే.
జనం వెళ్ళిపోయాక ఫ్రాష్ దిండు గలీబులతో వచ్చేవాడు,
నోట్లు కుక్కిన గలీబులు.
కోట్ల వెనక పాత ఐసు జారే తూములోకి
ఒక్కొక్కటే తోసేవాడు.
“నువ్వేం చూశావు?”
“కోట్లు.”
నవ్వి, ఇరవై డాలర్లు ఇచ్చేవాడు.

మూడో ఏడు, డిసెంబరు, పట్టపగలు
పన్నుల ఆఫీసు నుంచి ఆరుగురొచ్చారు.
లోపల ఉక్కగా ఉందని వాళ్ళూ కోట్లు విప్పారు.
చేతి అలవాటు, ఇరైదా బిళ్ళలిచ్చింది.
వాళ్ళూ బుద్ధిగా జేబులో వేసుకుని
తూము పగలగొట్టారు.

గోదాము తన పాత తడిని మరిచిపోలేదు.
నోట్లన్నీ బూజుపట్టి
అట్ల దొంతరలా అతుక్కుపోయి ఉన్నాయి.
ఒక ఆఫీసరు అట్లకాడతో విడదీసినట్టు
గోటితో విడదీస్తూ కూర్చున్నాడు, సాయంత్రం దాకా.

ఫ్రాష్ జైలుకి వెళ్ళాడు.
ఎవరో కొన్నారు, దీపాలు మార్చారు,
పాటలు మార్చారు. ఊరికి ఆ మోజే తీరిపోయింది.
తాడు మాత్రం రోజూ కట్టేవాళ్ళు,
ఆపడానికి అవతల ఎవరూ లేకపోయినా.

ఆ రోజుల్లోనే ఒక మార్చి రాత్రి
ఆర్విల్, నేరేడుపండు రంగు వెల్వెట్ కోటు,
ఒళ్ళంతా చెమటతో కిటికీ దగ్గరికొచ్చి
“ఇప్పుడిది మోయలేను, రేపు తీసుకెళ్తా” అన్నాడు.
ఆ జ్వరానికి అప్పటికింకా పేరు లేదు.
రేపు రాలేదు.
ఎల్లుండి మరొకరెవరో రాలేదు.

అద్దాల బంతిని వేలంలో
జెర్సీ నుంచి స్కేటింగ్ హాలువాడు పట్టుకెళ్ళాడు,
వెనక సీట్లో పెట్టి, బెల్టు కట్టి.
గూడబాతుని దింపడానికి ఈసారి తొమ్మిది వందలన్నారు.
అదింకా అక్కడే ఉంది.
కింద ఇప్పుడు, సామాన్లు దాచుకునే అద్దె గదులు.
మళ్ళీ చల్లగా ఉంటుందట.

ఏటా అక్టోబరులో ఇరైదా
బ్రాంక్స్‌లో తన మూడో అంతస్తు ఇనప మెట్ల మీద
ఆ వెల్వెట్ కోటుని ఎండకి వేస్తుంది.
జేబులో ఉన్నవి ఉన్నట్టే:
రెండు సబ్‌వే టోకెన్లు, సగం చూయింగ్ గమ్.
చిమట పట్టకుండా దులిపి
మళ్ళీ కొక్కేనికి తగిలిస్తుంది.

నంబరు నూట పద్దెనిమిది.
బిళ్ళ తెస్తే ఇచ్చేస్తుంది.
ముఖం చూడదు.