రొద సారు

అసలు పేరు రొదేలియో మగ్బనువా.
అంత పేరు మా నోట్లో పట్టక
రొద సారు అన్నాం.
ఆ పేరుకి తగ్గ మనిషి కాదు.
మెళ్ళో ఈల ఉండేది గానీ
పదకొండు నెలల్లో నాలుగైదు సార్లే ఊదాడు.

ఓడని కోర్టువాళ్ళు ఆపేశారు.
ఓనరు ఏ దేశంలోనో ఫోనెత్తడం లేదు.
జీతాల్లేని తొమ్మిదిమంది
డాల్ఫిన్స్ నోస్ నీడలో తుప్పుతో పాటు కూర్చున్నారు.
ఈయన మాత్రం సాయంత్రం నాలుక్కి
పాసు పట్టుకుని గేటు దాటేవాడు.
రాస్ హిల్ ఎక్కి మేరీమాతకి ఓ కొవ్వొత్తి,
దిగొచ్చి పోర్టు క్వార్టర్స్ వెనక
సిమెంటు కోర్టు చుట్టూ ఓ నడక.
ఏడింటికల్లా మళ్ళీ గేటు.

మొదటిరోజు ఏమీ అనలేదు.
నేను బంతిని మామిడికాయకి రాయి విసిరినట్టు విసురుతుంటే
వచ్చి నా మోచేతిని రెండంగుళాలు లోపలికి నెట్టి
వెళ్ళిపోయాడు.
బంతి పడలేదు.
రింగుని తాకిన చప్పుడు మారింది.

తర్వాతెప్పుడో, ముక్కలు ముక్కలుగా,
బొగ్గుపొడి పేరుకున్న నేలమీద వేలితో గీస్తూ
మాకూ తనకూ సగంసగం వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు:
ఇలోయిలో అనే ఊరు, కొబ్బరి మానుకి కొట్టిన రింగు,
పంతొమ్మిదో ఏట జిల్లా టీము, పద్నాలుగో నంబరు బనియను,
ఇరవైమూడో ఏట ఫైనల్లో గాల్లోకి లేచి
దిగేటప్పుడు మోకాల్లో వేరుసెనక్కాయ చిట్లిన చప్పుడు.
"మూడువేలమంది అరుస్తున్నారు. నాకదే వినపడింది."
ఆ తర్వాత కోచ్. ఊరి కుర్రాళ్ళకి, ఆరేళ్ళు.
జీతం నెలకి బస్తా బియ్యం, పండక్కి పంది తొడ.
మూడో కూతురు పుట్టాక బియ్యం చాల్లేదు,
ఇంజను రూములో ఆయిల్ తుడిచే పనికి ఓడెక్కాడు.

'ఫ' ఆయనకి పలికేది కాదు.
ఫౌల్ అనబోయి పాల్ అనేవాడు.
మొదట్లో దాహమేమోనని
సన్యాసమ్మ ఇంటికి పరిగెత్తి గ్లాసుడు పాలు తెచ్చింది.
తాగేశాడు. మూతి తుడుచుకుని
దానికే ఫౌల్ ఇచ్చాడు,
ఆట మధ్యలో కోర్టు వదిలినందుకు.

రింగుకి వల లేదు. ఓడ తాడు విప్పి అల్లాడు.
మా నాన్న వేటనించి వస్తూ ఆగి చూసి
"ఈ ముడి జారిపోద్దిరా బాబూ" అన్నాడు.
ఆయనకి తెలుగు రాదు, నాన్నకి తెలుగు తప్ప రాదు.
ఇద్దరూ స్తంభం కింద గొంతుక్కూచుని
చీకటిపడేదాకా వేసుకున్నారు, విప్పుకున్నారు.
సగం వల ఆయన ముడి, సగం మా నాన్నది.
ఆ రాత్రి గేటు దగ్గర ఆలస్యమై
వారం రోజులు పాసు కట్.

విశాఖలో ఆయన కోచింగ్ రికార్డు ఇదీ:
ఆడినవి నాలుగు, గెలిచింది ఒకటి.
అదైనా అవతలి టీము
అనకాపల్లి దగ్గర చెడిపోయిన వ్యాను తోసుకుంటూ వచ్చింది కాబట్టి.
ఓడిన వాటిలో ఒకటి ముప్ఫైయొక్క పాయింట్ల తేడా.
బెంచీ మీద అందరం ఏడుస్తుంటే
ఆయన కాగితం మీద ఏదో గీస్తున్నాడు.
రెండో సగంలో నేను తల తిప్పకుండా
సన్యాసమ్మకి ఇచ్చిన పాస్. బాణం గుర్తులతో. కింద తేదీ.
"ఇది ఆట" అన్నాడు. "మిగతాది లెక్క."

ఓడ వేలానికి పోయింది. వాళ్ళకి టిక్కెట్లు వచ్చాయి.
చెప్పి వెళ్దామని ఓ మధ్యాహ్నం వచ్చాడట,
మేం బడిలో ఉన్నాం.
ఈల స్తంభానికి కట్టి ఉంది.
ఓడ తాడు పోగు, మా నాన్న ముడి.

ఇప్పుడు ఆదివారాలు నేనే ఇరవైమందికి నేర్పుతున్నాను,
మిగతా రోజులు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో.
రేవులో ఆయన దేశంవాళ్ళు దిగుతూనే ఉంటారు.
అడిగితే ఎవరైనా చెబుతారేమో. అడగలేదు.
హుద్‌హుద్‌కి స్తంభం వంగింది, వల పోయింది.
కొత్తది పూర్ణా మార్కెట్లో కొన్నాం. మరీ తెల్లగా ఉంది.

మొన్న ఓ పిల్ల పక్కదాన్ని అడ్డంగా తోసింది.
"పాల్!" అని అరిచాను.
కొత్తగా చేరినది ఒకతి
బంతి పట్టుకుని నా వంక వింతగా చూసింది.
"మోచెయ్యి లోపలికి" అన్నాను దాంతో.