చీటీల రాయని జాగ

బందరు నుంచి కార్వార్ దాకా, ఒక్కటే బండి, ఒక్కడే సవారీ.
ఆఫీసోళ్లు ఇచ్చిన చీటీల మూడు జాగలు రాసున్నయి:
సాగర్ కట్ట, ఇరవై నిమిషాలు.
కోయిల్‌సాగర్, పావుగంట.
కృష్ణ బ్రిడ్జి, ఫొటోకు మాత్రం.
వీటి నడుమ ఉన్న నేలంతా
కిలోమీటరుకు పదిహేను రూపాయల లెక్క.

సవారీ పేరు నాంచారయ్య.
దీపస్తంభం కాడ నౌకరి, బదిలీ మీద పోతున్నడు.
ఒక ఇనుప పెట్టె, ఒక చాప, మెడల మఫ్లరు.
"ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దగ్గర దించెయ్యి కుర్మయ్యా,
మధ్యలో నేలెలా ఉంటుందో నాకు తెలీదు" అన్నడు.

మిర్యాలగూడ దాటేదాక తవుడు వాసన.
మిల్లు పొట్టు అద్దం మీద వాలి
వైపరుకు గూడ లొంగలే.
హాలియాల చాయ. సాగర్ కాడ కట్ట మీద నిలవడి
"ఇన్ని నీళ్లుండి ఇంత నిశ్శబ్దమా" అనుకుంట
ఏడు నిమిషాలకే బండెక్కిండు.
మిగిలిన పదమూడు నిమిషాలు ఎవరి ఖాతాల రాయాల్నో
నాకు సమజ్ గాలే.

కల్వకుర్తి కాడికి నేల ఎర్రవడ్డది.
జడ్చర్ల బయట గంప సీతాఫలాలు కొని
కిటికీల నుంచి గింజలు ఊంచుకుంట
ఒక్కొక్కటే ఎంచుతుండు.
ముప్పై ఏండ్లు వెలుగును ఎంచిన నోరు గద,
ఊకె ఉండలేదు.

కోయిల్‌సాగర్‌ల పొద్దుగూకింది. కొంగలు.
బాగుందన్నడు. నేను టిక్కు గొట్టిన.

మరికల్ దాటినంక నేనే ఆపిన.
చీటీల లేదు, ఆఫీసుకు జెప్పలే.
గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు,
ఎవరో పేర్చుకుంట పేర్చుకుంట
నడుమల ఎవలో పిలిస్తే లేచిపోయినట్టు.
"ఇక్కడేముంది?" అన్నడు.

ఈడ్నే లారీ ఆగేది సార్.
కాంట్రాక్టరు మనిషి పేర్లు సదువుతుంటె
చక్రం మీద కాలువెట్టి ఒక్కొక్కరే ఎక్కేటోళ్లు.
మా నాయిన తొమ్మిదిసార్లు ఎక్కిండు.
సముద్రం కాడ పని అన్నరు, ఏ సముద్రమో చెప్పలే.
అలకు వీపు జేసి, గోడకు రాళ్లు మోసిండు.
తిరిగొచ్చినంక అడిగిన, సముద్రం ఎట్లుంటది నాయినా?
"మోత. రాత్రంత మోత.
అన్నంల ఉప్పు ఎక్కువైతది."
గంతే.

నేను రెండు సముద్రాలు జూసిన సార్,
రెండూ పార్కింగుల నుంచే, సీటు ఎనకకు వాల్చి.

చాన సేపు మాట్లాడలే నాంచారయ్య.
దిగి, ఒక గుండు మీద అరచెయ్యి ఆనిచ్చిండు.
ఇంక ఎండ వేడి పోలే దానికి.
"పొద్దున్నే నేను నడిచేది అలాంటి గోడ మీదే.
అదే గోడ అని చెప్పను, నాకు తెలీదు.
కానీ ఆ రాళ్లు ఎవరు మోశారని
ఒక్కసారి కూడా అడగలేదు."

తర్వాత: "లైట్లు ఆర్పు."
ఆర్పిన. ఊరు లేదు, రోడ్డు లేదు,
ఇంజను సల్లవడుతున్న టిక్కు టిక్కు ఒక్కటే.
"ఒక్కో దీపానికి ఒక్కో లెక్క, కుర్మయ్యా.
మాది రెండు మెరుపులు, ఆపైన పదమూడు అంకెల చీకటి.
ఓడవాడు చీకటిని ఎంచితేనే
అది ఏ ఊరో తెలిసేది."
నాతోని రెండుసార్లు ఏపిచ్చిండు.
పదమూడు ఎంచిండు. మళ్ల రెండు.

కృష్ణ బ్రిడ్జి మీద ఫొటో దిగనన్నడు.
చీటీల ఆ గడి ఖాళీగనే ఉన్నది.

మూడో దినం రాత్రి, ఖాళీ బండి,
ఎనక సీటు కింద రెండు సీతాఫలం గింజలు.
మరికల్ ముంగట, గా గుండ్ల మలుపుల
ఎందుకో చెయ్యి ఆగలే. రెండు గొట్టిన.
ఒకటి, రెండు, మూడు, ఎంచుతున్న.
తొమ్మిదికాడ ఎదురొచ్చిన లారీ అతను
నన్నేదో తిట్టుకుంట
తనూ రెండుసార్లు గొట్టి పోయిండు.