ఆరు మూరల పలుపు

తెల్లారుజామున నాలుగున్నర.
పాలవ్యాను ఇంకా రాలేదు.
ఇడ్లీ బండి ఎర్రిస్వామి ఇంకా పొయ్యి ముట్టించలేదు.
రామ్‌నగర్ మాకు ఖాళీగా దొరికేది ఇప్పుడే.
కొర్రకు పట్టెడ వేసి
కొక్కెం రెండుసార్లు గుంజి చూసుకొని
గడప దాటుతాం, దొంగల మాదిరి.

కొర్ర అంటే మా కుక్క.
నూర్చిన కొర్రల రంగు, ఒక చెవి సగమే.
బస్టాండు వెనక లారీ కింద దొరికిన దినం
ఆ చెవిని కొరికిందెవరో అది చెప్పలేదు.
కానీ ఇంకో కుక్క కంటబడితే చాలు
వీపు మీద వెంట్రుకలు నిక్కుతాయి,
ఒళ్ళంతా ఒక్క గొంతైపోతాది.
పలుపు ఈ కొసన నా భుజం
కీలు ఊడేదాకా వస్తాది.

"నాలుగు తగిలించు, దారికొస్తాది"
అన్నాడు మేడమీది రిటైర్డు తాసిల్దారు.
"ఒకసారి ఇడిసిపెట్టు, అదే నేర్చుకుంటాది"
అన్నది వాకిలి చిమ్ముతా హనుమక్క.
"దానికి సూదిమందుంటాదంట"
అన్నాడొకడు, దేనికో చెప్పకుండా.
సంజాయిషీలు మానేసి
నేను దారులు నేర్చుకున్నా.

నీలం గేటు వెనక పొమేరియన్, ఆ పక్క నడవగూడదు.
ఆటోల సందులో మూడు, చలికాలం నాలుగు.
ట్రాన్స్‌ఫార్మరు కాడ ఒకటి పిల్లల్ని పెట్టింది,
ఈ నెలంతా ఆ సందు మాది కాదు.
నిలబెట్టిన లారీ కనపడితే
సొంత మేనమామ కనపడినట్లు.
దాని చాటున కూలబడి
వేయించిన చెనిక్కాయ గింజలు
ఒక్కొక్కటే, ఒక్కొక్కటే
దాని నోటికిస్తా,
అవతల ఏదో కుక్క తన బతుకు తాను
నడుచుకుంటా పోయేదాకా.

ఈ పలుపు మా నాయనది.
పొగరు కోడెను సంతకు తోలకపోయిన పలుపు.
బిగబడితే గుంజుతాది,
జారిస్తే పోతాది,
నీ చెయ్యి భయపడింది దానికి ముందే తెలుస్తాది, అనేవాడు.
నేనప్పుడు వినలేదు. వినే వయసు కాదు.

రైల్వే గేటు తట్టు ఒకామె వస్తాది.
ఆమె కుక్క నల్లది, మూతికి చిక్కం.
మొదటిసారి ఎదురుపడిన పొద్దు
అవి రెండూ చేసిన రభసకు
ఇళ్ళల్లో లైట్లు వెలిగినాయి.
ఆనాటి నుంచి సందు మొగలో ఆమె దగ్గుతాది.
నేనూ దగ్గుతా.
ఆమె ఎడమకు, నేను కుడికి.
ఎనిమిది నెలలు.
ఆమె మొగం దగ్గర్నుంచి చూసింది లేదు, పేరు తెలీదు.
కుక్క పేరు తెలుసు. "సుంకూ, ఒద్దు సుంకూ!"
ఊరంతటికీ తెలుసు.

నిన్న గేటు పడింది.
ఇద్దరం ఒకే పక్క చిక్కుకున్నాం,
మధ్యన నలభై అడుగులు, చాటుకు ఒక్క లారీ లేదు.
వెనక సందులో అప్పుడే పాలవ్యాను అడ్డం తిరిగింది.
గూడ్సు బండి వచ్చింది, నింపాదిగా,
దానికేమి తొందర!
కొర్ర చూసింది.
సగం చెవి నిలబడింది.
నా పిడికిలి బిగుసుకుంటాంటే
బలవంతాన వేళ్ళు ఒకటొకటే వదులు చేసినా.
పలుపు కిందికి వేలాడింది,
నవ్వుతాన్న నోరు మాదిరి.
గింజలు నేల మీద చల్లి
వ్యాగన్లు లెక్కపెట్టినా.
పదకొండు. పన్నెండు.
పంతొమ్మిదో దాని కాడ
కొర్ర తల తిప్పి
నల్లదాన్ని కాదు, నన్ను చూసింది.
ఆ తర్వాత లెక్క తప్పిపోయింది.

గేటు లేస్తాంటే
అవతల నుంచి మొదటిసారి ఆమె మాట:
"తింటాందా?"
"తింటాంది" అన్నా.
"ఇదీ తింటాంది, చిక్కం సందులోంచే."
అంతే. ఆమె ఎడమకు, నేను కుడికి.

ఇంటికొచ్చే దారిలో
నీలం గేటు కాడ
మామూలే.
తాసిల్దారు మేడ మీంచి తొంగి చూసినాడు.
నేను భుజం రుద్దుకుంటా
నవ్వినా.